గ్లాస్ జెమ్ మొక్కజొన్న కంకుల్లో గింజలు సగమే నిండాయి, రంగులూ రాలేదు. ఎందుకు?

రంగురంగుల గింజలుండే ఈ మొక్కజొన్నను కంచె వెంబడి ఒకే సాలుగా వేశామన్నారు. పక్కింటివాళ్ళ స్వీట్ కార్న్ కూడా అప్పుడే పూతకొచ్చిందన్నారు. కంకి పచ్చిగా ఉండగానే ఒలిచి చూశామన్నారు. మీ జవాబు ఈ మూడింట్లోనే ఉందండీ. ఎరువు తక్కువైందని బాధపడకండి. నేనూ న్యూజెర్సీ పెరట్లోనే కొన్నేళ్ళుగా వీటిని పెంచుతున్నాను, ఇక్కడి నేలలో ఇవి బాగానే వస్తాయి.

ముందు ఖాళీల సంగతి. మొక్కజొన్నకు పుప్పొడి మోసేది గాలే. మొక్క నెత్తిన ఉండే జల్లు నుంచి రాలిన పుప్పొడి కింద కంకి పీచు మీద పడాలి. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజది. ఏ పోగుకు పుప్పొడి అందలేదో అక్కడ గింజ పట్టదు. ఒకే సాలుగా వేస్తే పుప్పొడి చాలావరకు గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే చతురస్రంగా మడి కట్టి వేయాలి: కనీసం నాలుగు సాళ్ళు, సాలుకీ సాలుకీ రెండున్నర అడుగులు, మొక్కకీ మొక్కకీ ఒక అడుగు. స్థలం అంతకన్నా తక్కువుంటే చేత్తో పుప్పొడి అందించండి. పొద్దున మంచు ఆరాక జల్లును కాగితం సంచిలోకి వంచి మెల్లగా దులిపితే పసుప్పచ్చని పొడి రాలుతుంది. దాన్ని వెంటనే పక్క మొక్కల పీచు మీద చల్లేయాలి. పీచు తాజాగా, జిగురుగా ఉన్న రోజుల్లో రోజూ చేయండి. ప్లాస్టిక్ సంచి వాడొద్దు, చెమ్మకు పుప్పొడి పాడవుతుంది.

ఇక రంగులు. నాకు ఈ పంట మీద ఇంత ఇష్టం కలిగించింది ఈ సంగతే. మామిడికాయకు ఏ చెట్టు పుప్పొడి తగిలినా కాయ తల్లి చెట్టు కాయలాగే ఉంటుంది కదా. మొక్కజొన్నలో అలా కాదు. గింజ పైపొర మాత్రం తల్లిది. దాని కింద ఉండే సన్నని రంగు పొర, లోపలి పిండి, ఈ రెండింట్లోనూ పుప్పొడి ఇచ్చిన మొక్క వాటా అదే ఏడాది కనిపిస్తుంది. అందుకే ఒకే కంకిలో ఊదా గింజ పక్కన గులాబీ, దాని పక్కన నీలం వస్తాయి. పక్కింటి పసుపు స్వీట్ కార్న్ పుప్పొడి వచ్చి పడితే మీ కంకుల్లో పసుపు పెరుగుతుంది. మీ పుప్పొడి తగిలిన వాళ్ళ గింజలు కూడా తీపి తగ్గి పిండిపిండిగా అవుతాయి, కాబట్టి వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. రెండు పూతల మధ్య కనీసం రెండు వారాల తేడా ఉండేలా విత్తుకుంటే చాలు.

పైగా మీరు తొందరపడ్డారు. పచ్చి కంకిలో గింజలు వెలవెలబోతూ ఉంటాయి, అసలు రంగు ముదిరాకే తేలుతుంది. గ్లాస్ జెమ్‌కు దాదాపు నాలుగు నెలలు పడుతుంది. ఇక్కడ మే చివర్లో వేస్తే సెప్టెంబరు చివరిదాకా మొక్కమీదే ఉంచాలి. డొప్పలు ఎండి గోధుమరంగుకు తిరగాలి, గింజ మీద గోరు గుచ్చినా దిగకూడదు. అప్పుడు ఒలిస్తే గింజలు గాజుపూసల్లా మెరుస్తాయి.

ఓక్లహోమాలో కార్ల్ బార్న్స్ అనే రైతు ఉండేవారు, అమెరికా ఆదివాసుల్లో చెరోకీ తెగ మూలాలున్న మనిషి. తన పూర్వీకుల పాత మొక్కజొన్న రకాలను ఏళ్ళ తరబడి వెతికి, పండించి, రంగుల కంకులు ఎంచుకుంటూ వచ్చారు. ఆయన దగ్గర విత్తనం తీసుకున్న గ్రెగ్ షోన్ దాన్ని ముందుకు తీసుకెళ్ళారు. 2012లో ఒక్క ఫోటో ఇంటర్నెట్‌లో పాకిపోయి ప్రపంచమంతా ఈ విత్తనం అడిగింది. అందానికి మాత్రమే పెంచుకునే మొక్క అనుకోకండి, దీని వెనక అమెరికా ఆదివాసుల తిండిగింజల చరిత్ర ఉంది.

తినొచ్చా అని అడిగారు. తప్పకుండా తినొచ్చు, కానీ ఉడకబెట్టి కొరుక్కుతినే రకం కాదు. గట్టి గింజ, పేలాలకు బాగుంటుంది. పేలాలు మాత్రం తెల్లగానే వస్తాయి, రంగు ఎక్కువగా పై పొరల్లోనే ఉంటుంది కదా. మా అత్తగారు కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు రవ్వ పట్టించి మక్క గట్క చేశారు, చల్ల పోసుకుని తిన్నాం. మామూలు మిక్సీకి ఈ గింజ లొంగదు, గింజలు విసిరే చిన్న మిల్లు కావాలి.

విత్తనానికి అందమైన కంకి ఒక్కటే దాచుకోవద్దు. ఒక్కదాని సంతానమే ఏటా వేస్తే మొక్కలు నీరసిస్తాయి. వీలైనన్ని మొక్కల కంకుల నుంచి తలా కొన్ని గింజలు కలిపి దాచండి.

చివరగా, రకూన్లు, అంటే రాత్రిపూట తిరిగే ఇక్కడి అడవి జంతువులు. గింజ పాలుపోసుకునే వేళకి సరిగ్గా దిగుతాయి. నేలకు ఆరంగుళాల ఎత్తున ఒకటి, అడుగు ఎత్తున ఇంకొకటి కరెంటు తీగ అంతకు ముందే కట్టేయండి.