ఎవరేం తిన్నారో అడగడమూ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు జిల్లాలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ఆరు నెలల క్రితం వాళ్ల హాస్టల్లో ముప్పై మందికి పైగా అమ్మాయిలకు ఒకే రాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వార్డెన్ నీళ్లు కారణమన్నారు, పిల్లలు కోడిగుడ్ల కూర అన్నారు. మా అమ్మాయి మాత్రం ఒక నోటు పుస్తకం పట్టుకుని గదిగదికీ తిరిగి ఎవరు ఏం తిన్నారో రాసుకొచ్చి, కీరా, పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపిన పెరుగు పచ్చడి మీద అనుమానమని తేల్చింది. ఇప్పుడు ఆ పనే ఉద్యోగంగా చేస్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఎమ్మెస్సీలో చేర్పించమంటారా, బీఈడీ చేయించమంటారా?

జవాబు: ఉద్యోగం ఉందండీ. ఆ చదువును ఎపిడెమియాలజీ అంటారు. జబ్బు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో లెక్కగట్టి, దాని మూలాన్ని పట్టుకునే శాస్త్రం అది. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "గదిగదికీ" అన్నది. జబ్బు పడినవారిని మాత్రమే అడిగితే ఎవరికైనా దొరికేది సగం సమాచారమే, ఎందుకంటే ఆ రాత్రి అన్నం అందరూ తినే ఉంటారు. బాగున్నవారు ఏం తినలేదో తెలిస్తేనే తేడా బయటపడుతుంది. ఉదాహరణకు పచ్చడి తిన్న 60 మందిలో 30 మంది, తినని 40 మందిలో నలుగురు జబ్బుపడ్డారనుకుందాం. మొదటిది 50 శాతం, రెండోది 10 శాతం, అంటే తిన్నవారికి ముప్పు ఐదు రెట్లు. ఎవరూ నేర్పకుండానే మీ అమ్మాయి ఆ దారిలో నడిచింది.

అయితే ఈ పనిలో తొందరపడితే ఏమవుతుందో మీ ఇద్దరూ తెలుసుకోవాలి కనుక 2011లో జర్మనీలో జరిగినది కొంచెం వివరంగా చెబుతాను. ఆ ఏడాది మే నెలలో ఉత్తర జర్మనీలో, ముఖ్యంగా హాంబర్గ్ పరిసరాల్లో, రక్త విరేచనాలతో ఆసుపత్రులకు వచ్చేవారి సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. మామూలుగా పిల్లల మూత్రపిండాలను దెబ్బతీసే రకానికి చెందిన ఈ.కొలై బ్యాక్టీరియా ఈసారి ఎక్కువగా పెద్దవాళ్లను, వారిలోనూ స్త్రీలను పట్టుకుంది. జబ్బుపడినవారు టమాటా, కీరా, ఆకుకూరల సలాడ్ వంటి పచ్చి కూరగాయలు ఎక్కువగా తిన్నట్టు తొలి విచారణల్లో తేలింది. మే 26న హాంబర్గ్ అధికారులు, ప్రయోగశాలలో ఈ.కొలై కనబడిందన్న ఆధారంతో, స్పెయిన్ నుంచి వచ్చిన కీరాదోసకాయల వైపు వేలు చూపించారు. వారం తిరగకుండానే ఆ కాయల మీది బ్యాక్టీరియా రోగుల్లో ఉన్న ఓ104:హెచ్4 రకం కాదని తేలింది. కానీ ఆలోపే స్పెయిన్ రైతులు పండించిన పంటను కొనే నాథుడు లేక పారబోసుకోవలసి వచ్చింది. చివరికి ఐరోపా సమాఖ్య ఐరోపాలోని కూరగాయల రైతులకు 21 కోట్ల యూరోల పరిహారం కేటాయించింది.

అసలు దోషి కూరల మీద అలంకారంగా చల్లే మొలకలు. వాటిని తిన్నట్టు రోగులకే గుర్తులేదు. తొలి విచారణలో మొలకలు తిన్నామని చెప్పినది నాలుగో వంతు మంది రోగులు మాత్రమే. కొత్తిమీర చల్లిన కూర తిని వచ్చినవారిని "కొత్తిమీర తిన్నారా?" అని అడిగితే మనవాళ్లూ తడుముకుంటారు. అందుకని జర్మనీ జాతీయ ప్రజారోగ్య సంస్థ అయిన రాబర్ట్ కాక్ సంస్థ పరిశోధకులు దారి మార్చారు. ల్యూబెక్ నగరంలోని ఒక రెస్టారెంటులో గుంపులుగా భోంచేసిన అతిథుల దగ్గరికి వెళ్లి, ఏ పదార్థాలు తిన్నారని కాకుండా, ఆ రోజు ఏ వంటకం తెప్పించుకున్నారని అడిగారు. బిల్లులు, అతిథులు తీసుకున్న ఫొటోలు కూడా ముందు పెట్టుకున్నారు. తరువాత వంటవాళ్లను కూర్చోబెట్టి, ఏ వంటకంలో ఏయే పచ్చి కూరలు ఎంతెంత వేస్తారో రాబట్టారు. మొలకలు వేసిన వంటకాలు తిన్నవారికి జబ్బు వచ్చే అవకాశం తిననివారి కంటే 14 రెట్లు ఎక్కువని తేలింది, జబ్బుపడిన ప్రతి అతిథీ మొలకలున్న వంటకమే తిన్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ వంటవాళ్లను అడగాలన్న ఆలోచన. అది ఏ యంత్రానికీ తట్టేది కాదు.

మరోవైపు అధికారులు సరుకు వచ్చిన దారిలో వెనక్కి నడిచారు. వేర్వేరు చోట్ల గుంపులుగా జబ్బుపడిన 41 సందర్భాల్లోనూ రెస్టారెంట్లు, క్యాంటీన్ల కొనుగోలు చిట్టాలు ఉత్తర జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఉన్న ఒకే మొలకల పెంపకం కేంద్రానికి చేరాయి. జూన్ 10న మొలకలే కారణమని అధికారికంగా ప్రకటించారు. అదే నెలలో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర మరికొందరు అదే రకం బ్యాక్టీరియాతో జబ్బుపడ్డారు. వారు తిన్న మొలకలు అక్కడే మొలకెత్తించినవి. ఈ రెండు చోట్లకూ ఉమ్మడిగా ఉన్నది ఈజిప్టు నుంచి 2009లో ఒకే విడతగా దిగుమతి చేసుకున్న మెంతుల సరుకు. విచిత్రమేమంటే ఆ గింజల నమూనాల్లో బ్యాక్టీరియా దొరకనేలేదు. చిట్టాలు, ప్రశ్నలు, లెక్కలే దోషిని పట్టించాయి. మొత్తం మీద ఒక్క జర్మనీలోనే 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 855 మందికి మూత్రపిండాలు దెబ్బతినే తీవ్ర పరిస్థితి వచ్చింది, 53 మంది చనిపోయారు. మెంతులూ పెసలూ నానబోసి మొలకెత్తించుకునే మన ఇళ్లలో తెలిసి ఉండవలసిన సంగతి ఒకటుంది: మొలకకు కావలసిన తడి, వెచ్చదనమే గింజను అంటుకున్న బ్యాక్టీరియాకూ కావాలి. అందుకే పచ్చిగా తినకుండా బాగా ఉడికించుకోవడం మేలు.

ఇక చదువు విషయం. మీ అమ్మాయికి ప్రయోగశాలలో సీసాలతో, బ్యాక్టీరియాను పెంచే కల్చర్ ప్లేట్లతో గడపడం ఇష్టమైతే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ మంచిదే. తరువాత అనుభవం సంపాదించి, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే పరీక్ష రాసి ఫుడ్ అనలిస్టు కావచ్చు. కానీ మీ ఉత్తరాన్ని బట్టి ఆమెకు మనుషులతో మాట్లాడి లెక్క తేల్చడం మీద మక్కువ. అలాంటివారికి రెండేళ్ల ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్, సరైనదని నా అభిప్రాయం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు ఉంది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం నడిపే క్షేత్ర శిక్షణలు ప్రధానంగా వైద్యులను ఉద్దేశించినవి కాబట్టి, వాటి మీద ఆశ పెట్టుకునే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలు చదవండి. కొందరు సలహాదారులు ఈ సంగతి చెప్పకుండానే పేర్లు ఏకరువు పెడతారు.

ఉద్యోగాల వైపు చూస్తే, జిల్లాల్లోని వ్యాధి నిఘా విభాగాల్లో ఎపిడెమియాలజిస్టు, మైక్రోబయాలజిస్టు పోస్టులుంటాయి. అయితే అవి చాలావరకు కాంట్రాక్టువే. స్థిరత్వం కావాలంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా భర్తీ అయ్యే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టును కూడా దృష్టిలో పెట్టుకోవాలి. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం మైక్రోబయాలజీ డిగ్రీ ఆ పోస్టుకు అర్హత, అంటే మీ అమ్మాయి ఈ ఏడాది ఉత్తీర్ణురాలైతే తలుపు తెరిచినట్టే. ఆ నోటిఫికేషన్లు ఏటా రావు కనుక దానికోసమే కూర్చుంటే కాలం వృథా అవుతుంది. ఎంపీహెచ్ చదువుతూనే రాయమనండి. బీఈడీ గౌరవమైన చదువే, కానీ ఇష్టం లేని పిల్లను అందులో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

ఒక్క కష్టం ముందే చెప్పాలి. మన దగ్గర అధికారులు వచ్చేసరికి గిన్నెలు తోమేసి ఉంటాయి, మిగిలిన కూర కుడితిలోకి పోయి ఉంటుంది, వంటమనిషి భయపడి నోరు విప్పదు. ఆ భయాన్ని పోగొట్టి మాట రాబట్టగలగాలి. హోదా చూపిస్తే రాదు.

ఈ సెలవుల్లో ఆ నోటు పుస్తకాన్ని మళ్లీ తెరిచి, ప్రతి పదార్థానికీ తిన్నవారు, తిననివారు, జబ్బుపడినవారు అని పట్టిక వేయమనండి. తిన్న సమయం, వాంతులు మొదలైన సమయం పక్కపక్కన రాయించండి. కీరాలు ఏ బండి దగ్గర కొన్నారో, ఏ నీళ్లతో కడిగారో వంటమనిషిని అడిగిందో లేదో చూడమనండి. జాతీయ వ్యాధి నిఘా కార్యక్రమం వెబ్‌సైట్‌లో పెట్టే వారపు నివేదికలను ఓ పది చదివి, ఆ పట్టికతో సహా నాకు రాస్తే, ఎంపీహెచ్ దరఖాస్తులో దాన్ని ఎలా చెప్పుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.