సైకిలుకు కొట్టిన రంగు వరండా నిండా పడితే

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పిల్లాడి సైకిలుకు స్ప్రే పెయింటు కొడితే బండల మీద, కిటికీ అద్దం మీద, స్విచ్చుబోర్డు మీద, చివరికి వాడి చేతుల మీద కూడా పడిందని రాశావు. ఒక థిన్నర్ సీసా తెస్తే అన్నిటికీ సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. రంగు ఒకటే గాని దాని కింద ఉన్నవి వేరు. రంగును కరిగించేది కింద ఉన్నదాన్ని కూడా కరిగిస్తుందేమో ముందు చూసుకోవాలి. ఏదైనా సరే, కనబడని మూల ఒక చుక్క వేసి చూశాకే మొదలుపెట్టు.

ముందు వాడి చేతులు. థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ ఒంటికి తగలనివ్వకు. చర్మంలోని జిడ్డును లాగేసి మంట పుట్టిస్తాయి. కొబ్బరినూనె చాలు. చేతులు తడపకుండానే రెండు చెంచాల నూనె రాసి, ఐదు నిమిషాలు ఆగి, బొటనవేలితో గుండ్రంగా రుద్దు. రంగు సన్నటి పొట్టులా లేస్తుంది. పొడిగుడ్డతో తుడిచాక సబ్బు, గోరువెచ్చటి నీళ్లు. పూర్తిగా పోకపోతే మళ్లీ నూనె పెట్టు, పీచుతో మాత్రం గీకకు. మిగిలింది కొద్దిరోజుల్లో దానంతటదే రాలిపోతుంది. కంట్లో పడితే మాత్రం నూనె గీనె వద్దు. పావుగంటసేపు ధారగా మంచినీళ్లు పోసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

అద్దం అన్నిటికంటే సులువు. సబ్బునీళ్లతో బాగా తడిపి, కొత్త బ్లేడును అద్దానికి దాదాపు ఆనించినట్టు పడుకోబెట్టి ఒకే వైపుకు తొయ్యి. వెనక్కి లాగకు, బ్లేడు కింద చిక్కిన ఇసుక రేణువు గీత పెడుతుంది. పొడి అద్దం మీద అసలే గీకకు.

బండల దగ్గరే ఓపిక కావాలి. నున్నటి టైల్స్ అయితే అసిటోన్‌లో (రంగును కరిగించే, ఇట్టే ఆవిరైపోయే ద్రవం) ముంచిన దూదిని మచ్చ మీద ఒక నిమిషం ఒత్తిపెట్టి తుడిస్తే వచ్చేస్తుంది. దూది రంగెక్కగానే పారేసి కొత్తది తీసుకో, లేకపోతే అదే రంగును పక్కకు పులుముతావు. తాండూరు బండలు, కడప బండలు, పాలరాయి అయితే నిమ్మకాయ, వెనిగర్, బాత్రూం యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకు. ఆ రాళ్లన్నీ సున్నపురాయి జాతివి. యాసిడ్ రంగును వదిలేసి రాయిని తింటుంది. మెరుపు పోయి మిగిలే మచ్చ మళ్లీ పాలిష్ పట్టిస్తేగాని పోదు.

రాయిలోకి ఇంకిన రంగును తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది, పైకి లాగాలి. స్టీలు గిన్నెలో నాలుగు చెంచాల ముల్తానీ మట్టి వేసి, గోరింటాకు ముద్దలా అయ్యేదాకా అసిటోన్ కలుపు. ప్లాస్టిక్ కప్పు వాడకు, కరిగిపోవచ్చు. ఆ ముద్దను మచ్చ మీద పావు అంగుళం మందాన పరిచి, పాలిథిన్ కవరు కప్పి, అంచులకు టేపు అంటించి ఒక రోజు వదిలెయ్యి. తర్వాత కవరు తీసి ఆరనివ్వు. కరిగిన రంగు మట్టి ఆరేకొద్దీ దాంట్లోకి ఎక్కుతుంది. ముద్ద పొడిబారి పగుళ్లిచ్చాక చెక్కముక్కతో ఎత్తెయ్యి. మొదటిసారికి సగమే పోయిందని దిగులుపడకు, రెండు మూడు సార్లు పడుతుంది.

స్విచ్చుబోర్డుకు ముందు మెయిన్ ఆపు. దాని మీద అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్ రెండూ వద్దు, ప్లాస్టిక్ మెత్తబడి మీ వేలిముద్ర అచ్చు పడుతుంది. నీళ్లలా ఉండే శానిటైజర్‌లో దూది ముంచి, గట్టిగా పిండి, మెల్లగా రుద్దు. ప్లాస్టిక్ జిగటగా తగిలితే అక్కడితో ఆపెయ్యి. పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వు.

గోడ మీద పడినదాన్ని కడగకు, కింద ఉన్న ఎమల్షన్, అంటే గోడకు వేసిన రంగు కూడా ఊడొస్తుంది. 120 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమరు ఒక కోటు, రంగు రెండు కోట్లు వేసెయ్యి.

అసిటోన్ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి పక్కగదిలోని పొయ్యిని అందుకోగలదు. దీపం, అగరొత్తి, గ్యాసు అన్నీ ఆపి, తలుపులు బార్లా తెరిచి, పిల్లాణ్ణి బయటికి పంపాకే సీసా మూత తియ్యి. వాడిన గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడెయ్యకు, ఆరుబయట పరిచి ఆరనివ్వు.

మీ పెదనాన్న