కవళాణే కుర్రవాడు బరోడా గద్దెనెక్కిన తీరు

చిన్న వయసులో అనుకోకుండా రాజైనవారిలో ఎవరి గురించి చదవాలని మీరు అడిగారు. నేనైతే ఇప్పటి గుజరాత్‌లోని బరోడా సంస్థానపు మహారాజు మూడో సయాజీరావు గాయక్వాడ్ పేరు చెబుతాను. మాది మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ కాబట్టి ఆయన చరిత్రను మరాఠీలోనే చదివాను.

అప్పటి బరోడా రాజు మల్హర్‌రావు, అక్కడి ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధి (రెసిడెంటు) కర్నల్ ఫెయిర్‌పై విషప్రయోగం చేయించారన్న ఆరోపణను విచారించిన సంఘంలో ముగ్గురు ఆంగ్లేయులు ఒక వైపు, ముగ్గురు భారతీయులు మరో వైపు నిలిచినా, దుష్పరిపాలన కారణం చూపి 1875 ఏప్రిల్‌లో ఆంగ్ల ప్రభుత్వం ఆయనను గద్దె దించింది. అంతకుముందు రాజైన ఖండేరావు భార్య జమ్నాబాయికి దత్తత తీసుకునే అవకాశం దక్కింది. అలా నాసిక్ జిల్లా కవళాణే గ్రామంలోని దూరపు శాఖ నుంచి వచ్చిన ముగ్గురు అన్నదమ్ములలో, ఎందుకొచ్చావని అడిగితే ‘రాజ్యమేలడానికి’ అన్నాడని చెప్పుకునే పన్నెండేళ్ల గోపాల్‌రావు ఎంపికై, సయాజీరావు అయ్యాడు.

అందరూ ఆ జవాబునే తలచుకుంటారు. నన్ను కదిలించింది మాత్రం ఆ తరువాతి ఆరేళ్లు. అప్పటికి ఆ పిల్లవాడికి చదువు రాదు. దివాను టి. మాధవరావు రాజ్యం నడుపుతుండగా, ఎలియట్ అనే ఆంగ్ల గురువు పర్యవేక్షణలో మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, ఇంగ్లీషు నేర్చుకుని, 1881 డిసెంబరులో పూర్తి అధికారాలు చేపట్టాడు. ఇంటి భాష మరాఠీ, ఏలవలసిన జనం భాష గుజరాతీ అయిన ఆ కుర్రవాడి అవస్థ మా సరిహద్దు పిల్లలకు బాగా అర్థమవుతుంది. మా అమ్మకు తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు. నా మరాఠీ పాఠ్యపుస్తకం బాలభారతిని ఒళ్లో పెట్టుకుని, బొమ్మల మీద వేలు ఆనించి, తనకు తోచిన కథ తెలుగులో చెప్పేది.

అక్షరం కోసం అంత శ్రమపడిన మనిషి కనుకనే, 1893లో అమ్రేలీ ప్రాంతంలో మొదలుపెట్టి 1906లో సంస్థానమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశాడని, అంబేద్కర్ 1913లో అమెరికా వెళ్లి చదవడానికి ఉపకారవేతనం ఇచ్చాడని నా నమ్మకం. ఆయన గురించి చదివేటప్పుడు పట్టాభిషేకం దగ్గర ఆగిపోకండి. ప్రజల సుఖమే పాలకుడి లక్ష్యమని బోధిస్తూ మాధవరావు ఆ బాల మహారాజుకు ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా అచ్చయ్యాయి. వాటిని కూడా తప్పక చదవండి.