గుంట గట్టు మీద ప్రార్థన

ప్రశ్న: అక్కా, వందనాలు. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల మీద పనిచేస్తాను. జనవరి ఒకటిన తీర్మానం చేసుకున్నా: తెల్లవారి నాలుగింటికి గంట ప్రార్థన, రోజుకు బైబిల్లో మూడు అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసం. మూడో పుస్తకం లేవీయకాండం దగ్గర అన్నీ ఆగిపోయాయి. రాత్రంతా నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు చూసుకోవాలి, నిద్ర ఉండదు. ఇప్పుడు బైబిల్ తెరవాలంటేనే తప్పు చేసినవాడిలా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వందనాలు తమ్ముడూ. నీ విశ్వాసం ఎక్కడికీ పోలేదు, నీకు నిద్ర చాలడం లేదు. బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఇక చాలు, చచ్చిపోతే బాగుండు అని చెట్టు కింద పడుకుంటే దేవదూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. ఒక్క మాట కూడా మందలించలేదు. రాత్రి కాపలా ఉన్నన్నాళ్లు ఆ నాలుగింటి లెక్క వదిలేసి పడుకో.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేనూ నాలుగింటికి లేచేదాన్ని. మోకాళ్ల మీదే నిద్రపోయి, లేచేసరికి నుదుటి మీద చాప అచ్చు పడి ఉండేది. ఆ సిగ్గుతో ఆరు నెలలు పూర్తిగా మానేశాను. మళ్లీ మొదలైంది పొయ్యి దగ్గరే, అన్నం ఉడికేలోపు ఒకే కీర్తన, వారమంతా అదే.

బైబిల్లో 1,189 అధ్యాయాలు, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు కూడా చాలవు. నువ్వు మార్కు సువార్త పట్టుకో, 16 అధ్యాయాలే, రోజుకు సగం అధ్యాయం చదివినా దాదాపు నెలలో అయిపోతుంది. ఎప్పుడంటావా? ఎంత టెన్షన్ ఉన్నా నువ్వు తప్పించని పని మేత. మేత చల్లాక, రొయ్యలు తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తేదాకా ఆగాలి కదా, ఆ కాసేపు గట్టు మీద కూర్చో. చేతులు తడిగా ఉంటే ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టుకో. తర్వాత రెండు నిమిషాలు ప్రార్థన, ఇంట్లోవాళ్ల పేర్లు, గుంట మీద పనివాళ్ల పేర్లు చెప్పి.

రొయ్యలు పట్టే రోజున మాత్రం ఉపవాసం వద్దు, ఎండలో కళ్లు తిరుగుతాయి. పని తక్కువున్న రోజు ఒక పూట చాలు.

ఒంగోలు దగ్గరి గుండ్లకమ్మ నదిలో 1878లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దానికి 24 ఏళ్ల ముందు, 1854 జనవరి ఒకటి తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద మోకరించింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నాకు ఆ కొండే ఎక్కువ గుర్తొస్తుంది.

మధ్యలో నాలుగు రోజులు తప్పితే అవన్నీ కలిపి చదవాలని కూర్చోకు, ఆపిన చోటి నుంచే సాగించు. సంఘంలో నమ్మకమైన ఒక అన్నకు ఈ సంగతి చెప్పి, వారానికోసారి అడగమను. మార్కు పూర్తయ్యాక నాకు రాయి.