'చికమత్సు మొనొగతారి'లో ప్రేమికులు పడవలో ఎందుకు ఆగిపోయారు?

జపాన్ దర్శకుడు కెంజి మిజొగుచి 1954లో తీసిన సినిమా ఇది. చనిపోదామని బివా సరస్సులోకి వెళ్లిన ఒసాన్, మొహెయ్ మనసు ఎందుకు మార్చుకున్నారన్నది ప్రశ్న.

అప్పటిదాకా వాళ్ల మధ్య ఏమీ లేదు. ఒసాన్ క్యోటోలో పంచాంగాలు అచ్చువేసే ఇషున్ భార్య, మొహెయ్ అక్కడి పనివాడు. ఆమె పుట్టింటివాళ్ల డబ్బు అవసరం తీర్చాలని మొహెయ్ యజమాని ముద్రని (సీలుని) చెప్పకుండా వాడతాడు. అది బయటపడుతుంది, పైగా అక్రమ సంబంధం నింద, ఆపై పరారీ. పడవలో ఆమె కాళ్లకు తాడు కడుతూ, ఎప్పటినుంచో ప్రేమిస్తున్నానని మొహెయ్ బయటపెట్టేస్తాడు. అంతే, ఒసాన్‌కి చావాలనిపించదు! అక్రమ సంబంధం అప్పట్లో శిలువ వేసే నేరమని తెలిసీ అతన్ని పట్టుకుని వదలదు. అంటే లేని సంబంధాన్ని ఆ నిందే నిజం చేసింది. నాకైతే సినిమాకి ప్రాణం ఈ సీనే. పరువు కోసం విషయం దాచిన ఇషున్ వ్యాపారం కూడా చివరికి మూతపడుతుంది.