కొండమీది గుర్రప్పిల్లకు నట్టల మందు వేసే ముందు

నాయనా,

ఉత్తరం అందింది. ఆరు నెలల పిల్ల పొట్ట వేసుకుని, బొచ్చు మెరుపు తగ్గి, చిక్కిపోతోందని రాశావు. ఏలికపాములని నా అనుమానం. దగ్గు కూడా వాటిదే కావచ్చు. వాటి లార్వాలు కాలేయం మీదుగా ఊపిరితిత్తుల్లో చేరి, గొంతులోకి వచ్చి, మళ్లీ మింగుడుపడి పేగుల్లోకి దిగుతాయి. జ్వరం కూడా ఉంటే సంగతి వేరు, డాక్టర్‌కు చెప్పు.

మందు మాత్రం నీ అంతట నువ్వు వేయకు. నేనొకసారి ఆ తప్పు చేశాను. ఎనిమిది నెలల పిల్ల, కడుపు నిండా పాములు. ఆలస్యం ఎందుకని బలమైన మందు పట్టించాను. పాములన్నీ ఒక్కసారిగా చచ్చుబడి పేగులో తాళ్ల ముద్దలా అడ్డుపడ్డాయి. కొండ దిగి డాక్టర్‌ను తెచ్చేలోగా పిల్ల పోయింది. ఆ పాము పెన్సిలంత లావు, ఒక్కోటి 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఊహించుకో. అందుకే ముందు లద్ది పరీక్ష చేయించు. ఏ మందు, ఎంత అన్నది డాక్టర్ నిర్ణయిస్తాడు. ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందుకు లొంగని ఏలికపాములు 2002లోనే నెదర్లాండ్స్‌లో, ఆ తర్వాత కెనడాలో బయటపడ్డాయి. కాబట్టి మందు వేశాక 14 రోజులకు లద్ది మళ్లీ చూపించు.

చలికి పురుగులు చస్తాయిలే అని ఎవరైనా అంటే నమ్మకు. 10 డిగ్రీల లోపు చలిలో గుడ్డు ఎదగడం ఆగుతుందంతే, చావదు. పైగా ఏళ్ల తరబడి బతుకుతుంది. వెచ్చబడిన రెండు వారాలకే అంటుకోవడానికి సిద్ధం. ఒక్క ఆడపాము రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. చలికాలమంతా గుర్రాలు ఒకే కొట్టంలో ఉంటాయి కాబట్టి ఆ గుడ్లు గోడలకు, తొట్టికి, తల్లి పొదుగుకు అంటుకుంటాయి. ఫినాయిల్‌కు లొంగవు. గోడలు గీకి, సలసల కాగే నీళ్లతో కడుగు, ఆవిరి యంత్రం దొరికితే ఇంకా మేలు. పొదుగును గోరువెచ్చని నీళ్లతో తుడువు. లద్ది రోజూ ఎత్తి కుప్పగా మాగనివ్వు, లోపలి వేడికి గుడ్లు చస్తాయి. పచ్చి లద్దిని మేతబయలులో చల్లకు.

పెద్ద గుర్రాల గురించి బెంగ వద్దు, ఏడాదిన్నర దాటాక చాలావాటికి దీన్ని తట్టుకునే శక్తి వస్తుంది. వచ్చే ఏడు పుట్టే పిల్లల్ని మాత్రం ఈ ఏటి పిల్లలు మేసిన చోట వదలకు. రెండు, మూడు నెలల వయసులో మొదటి మందు ఎప్పుడో ముందే అడిగి పెట్టుకో.

ఈలోగా పిల్ల పొట్టకేసి కాళ్లు తన్నుకున్నా, దొర్లినా, రాత్రనక డాక్టర్ దగ్గరికి బయల్దేరు.

మీ పెదనాన్న