మీ ఆయనకు ముందు నిజం చెప్పండమ్మా

మీ ఆయనకు ఏఎల్‌ఎస్ (కండల్ని కదిలించే నరాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు) అని పోయిన నెల తేలిందనీ, ఇంట్లోవాళ్లంతా కలిసి ఆయనతో మాత్రం "నరాల బలహీనత" అని చెప్పారనీ రాశారు. ఎలా చూసుకోవాలి, ఏం పెట్టాలి అని అడిగారు. తిండి సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆయనకు జబ్బు పేరు చెప్పండి. ఎవరేమనుకున్నా నేను గట్టిగా చెప్పే మాట ఇదే.

మాది అనంతపురం. మా ఆయన టైలరు. జాకెట్ల కటింగులో మంచి పేరుండేది. మొదట కత్తెర పట్టు తప్పింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. ఒకచోట చూపిస్తే మెడ ఎముకలు అరిగాయి, ఆపరేషన్ చేస్తే చెయ్యి వస్తుందన్నారు. వయసు మీద పడినవాళ్లకు ఎవరి మెడ స్కాన్ తీసినా ఏదో ఒక అరుగుదల కనపడుతుంది. నొప్పీ తిమ్మిరీ లేకుండా చేతికండ కరిగిపోతూ, చర్మం కింద కండలు సన్నగా అదురుతూ ఉంటే, మెడ కోయించుకునే ముందు నరాల డాక్టరు దగ్గర ఈఎంజీ (కండలూ వాటి నరాలూ ఎలా పనిచేస్తున్నాయో చూసే) పరీక్ష చేయించాలి. ఈ మాట చదివేవాళ్లందరికీ చెప్తున్నాను.

మేం బెంగళూరులో నరాల జబ్బులకు చూసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌కు పోయాం. ఫలితాలు వచ్చిన రోజు మా మరిది ముందే లోపలికి దూరి, "మా అన్నకు చెప్పద్దు మేడం, తట్టుకోలేడు" అన్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఆయన్ని పిలవండి, ఆయన ఒంటి సంగతి ఆయనకే చెప్పండి" అన్నాను. కన్నడం కలిసిన తెలుగులో ఆమె నిదానంగా చెప్పింది. ఇది తగ్గే జబ్బు కాదు, రిలుజోల్ అనే మాత్ర కొద్దిగా నెమ్మదింపజేస్తుంది, అంతే అనింది. మా ఆయన అడిగింది ఒక్కటే. "చేతులు పూర్తిగా పోయేలోపల నాకెంత టైముంది మేడం?"

ఊరికి రాగానే అంగడి తెరిచాడు. కాజాలు కుట్టే పిల్లోడిని కటింగ్ బల్ల ముందు నిలబెట్టి తాను పక్కన కుర్చీ వేసుకున్నాడు. అంతవరకు ఆ బల్ల మీద ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చిన మనిషి కాదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఒకామె కూతురి పెళ్లికని పట్టు జాకెట్ గుడ్డ తెచ్చింది. పిల్లోడు ఆమె ఆది జాకెట్‌ను గుడ్డ మీద పరిచి సుద్దతో గీయబోయాడు. "ఆగు" అన్నాడు ఈయన. అప్పటికే మాట ముద్దగా వస్తుండేది. "ఆది జాకెట్ ఒక్కటే చూస్తే చాలదురా. ఆమె నడిచొచ్చేటప్పుడు చూసినావా? ఎడం భుజం రొంత జారింటాది. ఆ పక్క కాలంగుళం దించి గియ్యి." పిల్లోడు గీశాడు. కత్తెర పట్టుకునేసరికి వాడి చెయ్యి వణికింది. అంత ఖరీదు గుడ్డ చెడిపోతే డబ్బు మేమే కట్టుకోవాల. "పోతే గుడ్డే గదరా పోయేది, కొయ్యి" అన్నాడు. వాడు కోశాడు. తర్వాత ఆమె వేసుకుని చూసుకుని, "మాస్టరే కోసినాడా?" అని అడిగింది. చెయ్యి లేవక, మా ఆయన గడ్డంతో పిల్లోడిని చూపించాడు.

"నరాల బలహీనత" అని చెప్పుంటే ఆ నెలలన్నీ బలం మాత్రలు మింగుతూ, చెయ్యి వస్తుందని కాచుకుని కూర్చునేవాడు. ఇప్పుడు అంగడి నడిపేది ఆ పిల్లోడే. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాంతోనే.

దాచేవాళ్లు ఎందుకు దాస్తారో నాకు తెలుసు. ఆయన మీద ప్రేమ సగం, ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉందన్న భయం సగం. మా అత్తగారి తరపువాళ్లు "సంబంధాలు రావు, బయట చెప్పద్దు" అని నా దగ్గర గుసగుసలాడారు. ఇది అంటుకునే జబ్బు కాదు. నూటికి తొంభై మందికి వంశంలో ఎవరికీ లేకుండానే వస్తుంది. ఇంట్లో ముందెవరికైనా ఉండుంటే అప్పుడు డాక్టరును అడగాలి, అంతేగానీ ఆ మనిషిని గదిలో పెట్టి తలుపెయ్యడమేంటి? ఇంకొందరొచ్చి ఇదే జబ్బున్న సైంటిస్టు స్టీఫెన్ హాకింగ్ అన్నేళ్లు బతికాడు కదా అంటారు. ఆయనకు 1963లో, 21 ఏళ్లప్పుడు తేలింది, 2018 దాకా ఉన్నాడు. అట్లాంటివాళ్లు చాలా అరుదు. లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఎక్కువమందికి రెండు నుంచి ఐదేళ్లు. పదేళ్లు దాటేవాళ్లు నూటికి ఏ పదిమందో. ఈ లెక్క తెలిస్తేనే మనిషి తన పనులు తాను సర్దుకుంటాడు.

చూడ్డానికొచ్చేవాళ్లు మా ఆయన ముందే "తింటున్నాడా, నిద్రపోతున్నాడా" అని నన్నడుగుతారు. లేదా ఆయనకు చెవుడన్నట్టు అరుస్తారు. వినికిడికీ స్పర్శకూ ఏమీ కాలేదు. "ఆయన్నే అడగండి, జవాబు ఆలస్యంగా వస్తుంది, కూర్చోండి" అని మొహం మీదే చెప్తాను. మీరూ చెప్పండి. ఊరికే నవ్వో ఏడుపో ఆగకుండా వస్తే అదీ జబ్బులో భాగమే, పిచ్చి పట్టిందని ఎవరినీ అననివ్వకండి.

ఇక తిండి. మంచినీళ్లే ముందు పొరమారుతాయి. మజ్జిగ, పల్చటి చారు కంటే చిక్కటి రాగిజావ సులువుగా దిగుతుంది. గడ్డం ఛాతీ వైపు దించి మింగమనండి. బొరుగులు, పొడిపొడి ఉప్మా మానెయ్యండి. భోజనం గంట దాటుతోందంటే, బరువు తగ్గుతోందంటే, కడుపులోకి పైపు వేయించే మాట ఎత్తాల్సిన టైమొచ్చినట్టే. ఊపిరి బలం బాగా పడిపోకముందే, ఎఫ్‌వీసీ అనే ఊపిరి పరీక్షలో 50 శాతం కంటే పైనున్నప్పుడే వేయించుకోవడం మేలంటారు. "పైపు వేస్తే ఇంక అయిపోయినట్టే" అని మావాళ్లు గోల చేశారు. మా ఆయనకు అప్పటికి రాయడానికి చెయ్యి లేదు, మాట కాస్త ఉంది. "నా కడుపు, నేను చెప్తాండా, వెయ్యండి" అన్నాడు. నేను ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ వినిపించాను. ఊపిరికి మిషను పెట్టాలా, పెడితే ఎంతవరకు, ఇవన్నీ కూడా మాట ఉన్నప్పుడే ఆయన నోటితోనే చెప్పించుకోండి.

మాట పూర్తిగా పోయాక మాకు పలక మీది వర్ణమాలే ఆధారమైంది. నేను క, చ, ట, త, ప అని వరుసలు చదువుతాను. కావాల్సిన వరుస రాగానే కళ్లు పైకెత్తుతాడు. తర్వాత ఆ వరుసలో అక్షరాలు చదువుతాను. గుణింతం నేనే అందుకుంటాను. ఈ జబ్బులో కళ్ల కదలిక చాలావరకు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి మాటలున్నప్పుడే ఇది అలవాటు చేసుకోండి.

సదరం సర్టిఫికెట్‌కు, అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితానికి, ఇప్పుడే పెట్టుకోండి. మెట్లెక్కలేని మనిషిని మేడ మీది గదికి రమ్మనే ఆఫీసులున్నాయి, ఆయన నడిచే రోజుల్లోనే ఆ పని ముగించండి. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 15,000.

ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్ని మీతోపాటు లోపలికి తీసుకుపోండి. మీకు నోరు రాకపోతే డాక్టరునే చెప్పమనండి. ఆయన అడిగినదానికి జవాబు చెప్పండి, అడగనిది ఒకేసారి మీద పొయ్యకండి. ఇంట్లో దాచమన్నవాళ్లుంటారు కదా, రాత్రిళ్లు ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి వంతులు వాళ్లకు వెయ్యండి. మీరు నిద్రపోవాలి.